చేని మన్ను, చెరువు మన్ను

వంటలను గూర్చియు, బిడ్డల పెంపకమును గూర్చియు, ఇంటి పొదుపును గూర్చియు మనము ఒకరికొకరము వ్రాసికొనుట వాడుక. నేల చెడుటను గూర్చి, కరవును గూర్చి మాట వచ్చినచో అవి పురుషుల సంగతులనియు, ప్రభుత్వమువారి సంగతులనియు ప్రక్కకు తప్పుకొందుము. నేనును 2016వ సంవత్సరపు వేసవి వరకు అట్లే తప్పుకొంటిని. ఆ వేసవిలో మా చేను అమ్ముకొనవలసిన సమయము వచ్చెను. అప్పుడు నాకు తెలిసివచ్చిన సంగతిని, పిమ్మట నేను చేసిన యొక తప్పుతోగూడ, మీకు చెప్పదలచితిని.

మాది నిజామాబాదు జిల్లాలోని రెంజల్. మావారు బడిపంతులు. నేను బడికి పోయి చదివినదానను గాను. మా తండ్రిగారు నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని భారత భాగవతములును, కొన్ని కావ్యములును చదివించిరి. మా ఊరికి చేరువనే కందకుర్తి కలదు. అచ్చట గోదావరి, మంజీర, హరిద్ర అను మూడు నదులు కలియుచున్నవి. మంజీరకు అడ్డముగా 1923 మొదలు 1931 వరకు కట్టిన నిజాంసాగరపు కాలువలు ఈ సీమలో పారుచున్నవి. ఆ నీటితో పండిన చెరకును ఆడుటకే 1930ల చివర బోధనున గొప్ప చక్కెర కర్మాగారము వెలసెను. నాకు ఇచ్చటి సంబంధము కుదిరినప్పుడు మా తండ్రిగారు, "మూడు నదుల నడుమకు పోవుచున్నావు, నీకు నీటికి కొదువ యుండదు" అని దీవించిరి. ఆ దీవెన కొంతకాలమే నిలిచెను.

2015 జూలైలో గోదావరి పుష్కరములు వచ్చినవి. మా అత్తగారితో కందకుర్తికి పోతిని. పండ్రెండేండ్లకొకసారి వచ్చు పర్వమునకు నది పలుచబడియుండెను. ఇసుకలో చాల దూరము నడచి, చెంబుతో నీరు ముంచుకొని తలపై పోసికొంటిమి. ఆశ్వయుజమున బతుకమ్మ పండుగ వచ్చునప్పటికి మా ఊరి చెరువులో అడుగు పగుళ్లు తప్ప నీరు లేదు. చెరువులో సాగనంపవలసిన బతుకమ్మలను నీళ్ల తొట్టిలో వదలి యింటికి వచ్చితిమి. ఆడబిడ్డను అత్తవారింటికి పంపుచు వాకిట దించి వచ్చినట్లు మా మనస్సులు చిన్నబోయినవి. నవంబరులో తెలంగాణమున 231 మండలములను కరవు మండలములుగా ప్రకటించిరి. నాటి నిజామాబాదు జిల్లాలోని 36 మండలములును అందు చేరియుండెను. డిసెంబరులో బోధను చక్కెర కర్మాగారము మూతపడెను. మరుసటి వేసవికి నిజాంసాగరము ఎండిపోయెను. మా పెరటి బావి అడుగు కనబడెను.

ఆ వేసవిలోనే మహారాష్ట్రమందలి లాతూరు పట్టణమునకు త్రాగునీటిని రైలుబండిలో తీసికొనిపోయిరి. లాతూరు ప్రజలు త్రాగునది ఎగువ మంజీర నీరే. మన నది పుట్టుచోటనే నీటికి రైలు కావలసివచ్చినచో, కొనయందున్న మన గతి యేమని మావారు వార్తాపత్రిక మడిచి ప్రక్కన పెట్టిరి. ఆ రాత్రి మా ఇంట ఎవ్వరును సరిగా భోజనము చేయలేదు.

మాకు రెండు చోట్ల భూమి కలదు. చెరువునకు ఎగువన, వాలుపై ఎర్రనేల రెండెకరములు. మెట్ట చేనిని మా ప్రాంతమున చెలక యందురు. బోధను వైపు కాలువ క్రింద తరి పొలము ఒక ఎకరము. తరి పొలములో మా మామగారు చాలకాలము చెరకు వేసిరి. తరువాత అది చౌడు పట్టినది. చెలక యేటేట బలము తగ్గి, రెండు వారములు వాన రానిచో పైరు వాడిపోవుచుండెను. ఆ వైశాఖమున ఒక బేరగాడు వచ్చి చెలకను అడిగెను. "పంతులు జీతమున్నది, ఇల్లు గడచును. పండని నేలను పట్టుకొని యేమి చేయుదుము? పిల్ల చదువునకైన పనికివచ్చును" అని మామగారు సమ్మతించిరి. ఆయన ఆ మాట అన్నప్పుడు ఆయన కన్నులు మా ముఖములపై లేవు, చూరువైపు ఉన్నవి. ఆ చెలక ఆయన తండ్రిగారు రాళ్లు ఏరి బాగుచేసినది.

సరిగా ఆ దినములలోనే మా చెరువులోనికి పూడికతీత యంత్రములు దిగినవి. పూర్వము కాకతీయులనాడు త్రవ్వించిన చెరువుల పేరు తలచి, రాష్ట్రములోని 46 వేలకు పైబడిన చెరువులను బాగుచేయుటకు మిషన్ కాకతీయ యను పనిని 2015 మార్చి 12వ తేదీన నాటి మా జిల్లాయందలి సదాశివనగరముననే ఆరంభించియుండిరి. యంత్రముతో త్రవ్వి ఎత్తు ఖర్చు ప్రభుత్వమువారిది, మన్ను ఉచితము, దానిని చేనికి తోలుకొను ఖర్చు రైతుది. చూచుటకై నేనును, మా అమ్మాయియు కట్టపైకి పోతిమి. అచ్చట పనిచేయుచున్న ఒక ముసలమ్మ, మా ఇంటికి కలుపుతీతకు వచ్చునామె, నల్లని మట్టిపెళ్లను చేతిలో పెట్టి నాతో ఇట్లనెను:

"ఈ మన్ను ఏడికెల్లొచ్చిందనుకున్నవు పంతులమ్మా? మీ చెల్కదే. ఏటేట వానకు కొట్టుకొచ్చి ఈడ పండుకున్నది. తోల్కపోతె మల్ల మీదే."

నేను ఎన్నో పద్యములు కంఠస్థము చేసినదానను. ఆ ముసలమ్మ చెప్పినంత సూటియైన మాటను అంతవరకు వినలేదు. చెలకలో లేనిదేదో, చెరువులో ఎక్కువయైనదేదో, అది ఒక్కటే. చేను బక్కచిక్కుటయు, చెరువు పూడిపోవుటయు రెండు రోగములు గావు. ఒక్క రోగమే రెండు చోట్ల కనబడుచున్నది.

సంగతి యిట్లుండును. వాలునేలపై చెట్టు, పొద, గడ్డి లేనప్పుడు వాన చినుకు నేరుగా మట్టిని తాకి దానిని విడగొట్టును. పారునీరు మొదట తీసికొనిపోవునది సన్నని బంకమట్టిని, కుళ్లిన ఆకులతో ఏర్పడిన సారమును. బరువైన ఇసుక, గరుసు చేనిలోనే మిగులును. నీటిని పట్టియుంచునదియు, పైరునకు బలమిచ్చునదియు ఆ పోయిన భాగమే. అందుచేత అంతే వాన కురిసినను బక్కనేలకు కరవు ముందుగా వచ్చును. కొట్టుకొనిపోయిన మన్ను చెరువు అడుగున చేరి నీటి చోటును ఆక్రమించును. అప్పుడు చెరువు త్వరగా నిండి మత్తడి దూకును. అలుగును మా యొద్ద మత్తడి యందురు. మాఘము దాటకముందే చెరువు ఎండును, దానితో బావులును ఎండును.

ఇది చిన్న చెరువులకే పరిమితము గాదు. నిజాంసాగరము కట్టిన కాలమున దాదాపు 30 టి.ఎం.సి.ల నీరు పట్టెడిది. ఒక టి.ఎం.సి. యనగా 100 కోట్ల ఘనపుటడుగులు. నలుబది యేండ్లు గడచునప్పటికి పూడిక చేరి అది 12 టి.ఎం.సి.లకు లోపుగా దిగజారెను. పిమ్మట నీటిమట్టమును పెంచి 17.8 టి.ఎం.సి.లు పట్టునట్లు చేసిరి. అంత గొప్ప జలాశయమును పూడ్చినది ఎవరి మన్ను? ఎగువనున్న వేలకొలది చేల మన్నే.

ఆ రాత్రి నేను నా గాజుల జతను తీసి అత్తగారి ముందుంచితిని. అవి మా అమ్మ పెట్టినవి. "చెలకను అమ్మవలదు, వీనిని తాకట్టుపెట్టి చెరువు మన్ను తోలింతము" అంటిని. అత్తగారు కోపించిరి. "బంగారమిచ్చి బురద కొనువారెవరైన నుందురా? ఈ యేడును వాన రానిచో రెండును పోవును" అనిరి. ఆమె చెప్పినది తప్పని నేనిప్పటికిని అనజాలను. వాన రాకపోయినచో నిజముగనే రెండును పోయెడివి. మావారు మాత్రము రెండు దినములు ఆలోచించి, తమ పొదుపు కొంత కలిపిరి. మామగారు బేరగానితో ఒక యేడు ఆగుమనిరి.

నూరు ట్రాక్టరుల మన్ను తోలించితిమి. చెలకకు ఎకరమునకు 40 చొప్పున 80. మిగిలిన 20 తరి పొలమునకు. వానలకు ముందే దానిని పలుచగా చిమ్మి దున్నించితిమి. జూన్, జూలైలలో వానలు పడినవి. ఆగస్టున మూడు వారముల పాటు ఆకాశము తెల్లగా నుండెను. ప్రతి ఉదయమును మామగారు చెలకకు పోయి వచ్చుచుండిరి. ఏమియు చెప్పెడివారు కారు. మేమును అడుగుటకు భయపడితిమి. ఇరువదవ దినమున ఆయన ఒక మొక్కజొన్న ఆకును తెచ్చి అత్తగారి చేతిలో పెట్టిరి. అది పచ్చగా నుండెను. సెప్టెంబరు చివర గొప్ప వానలు కురిసి, మంజీర పొంగి, నిజాంసాగరము నిండెను. మా చెరువు మత్తడి దూకెను. ఆ యేడు బతుకమ్మలను చెరువులోనే సాగనంపితిమి. కట్టపై నిలిచి చూచుచు అత్తగారు నా బోసి చేతులను పట్టుకొనిరి. మాట మాత్రము అనలేదు.

ఇంతవరకు చెప్పి ఆపినచో ఇది కథవలె నుండును. నా తప్పును గూడ చెప్పవలెను.

చెలకకు మంచిదైనది తరికిని మంచిదగునని తలచి, ఎవ్వరిని అడుగక, ఆ 20 బండ్ల మన్నును చౌడు పొలమున పోయించినది నేనే. అది మేలు చేయలేదు సరిగదా, కీడు చేసినది. చౌడు నేలకు కావలసినది నీటిని పట్టు మన్ను గాదు, నీరు దిగిపోవు దారి. బంకమట్టి చేరి నీరు మరింత నిలిచెను. నారు వేసిన పదునైదు దినములకు మడిలో అచ్చటచ్చట గుండ్రముగా పైరు చచ్చెను. వైద్యుని అడుగక ఒకరి మందును వేరొకరికి త్రాగించినట్లయినది.

అప్పుడు మట్టి పరీక్ష చేయించితిమి. అది ముందే చేయించవలసినది. కాలువ నీరు ఏండ్ల తరబడి పారి, మురుగునీరు పోవు దారి లేనిచో భూమిలోని నీరు పైపైకి వచ్చును. ఎండకు నీరు ఆవిరియై పోవును. అందు కరగియున్న లవణములు మాత్రము పైన నిలుచును. మూకుడులో ఉప్పునీరు మరిగించి చూడుడు, అడుగున మిగులునది కనబడును. తెల్లగా పూత పూసినట్లుండునది పాల చౌడు. మంచినీరు నిండుగా పెట్టి, క్రిందికి దింపి, కాలువ ద్వారా బయటికి పంపినచో అది తగ్గును. నల్లగా గట్టిపడి నీరు ఇంకనీయనిది కారు చౌడు. దానికి జిప్సము వేసి, పిమ్మట నీటితో కడుగవలెను. రెండింటికిని జీలుగు వంటి పచ్చిరొట్ట పైరును పెంచి, పూతకు వచ్చునప్పటికి దున్ని కలుపుట మేలు.

మాది రెండవ రకము. జిప్సము కొనుటకు డబ్బు దొరకినది. మురుగుకాలువకు దారి దొరకలేదు. అది ప్రక్కవారి పొలమునుండి పోవలెను. గట్టు కోయుటకు వారు ఒప్పుకొనలేదు. మగవారు మాటలాడిన ప్రతిసారియు పాత సరిహద్దు తగవు పైకి వచ్చుచుండెను. తుదకు మా అత్తగారు ఒక మధ్యాహ్నము ఆ యింటి పెద్దమ్మ యొద్దకు పోయి కూర్చుండిరి. వారి మడిలోను చౌడు అంచు తగులుచున్నదని చూపిరి. నేడు మా గట్టు, రేపు మీ గట్టు అని ఇద్దరు ముసలివారు తేల్చుకొనిరి. ఆ కాలువ ఇప్పుడు ఇరువురి పొలముల నీటిని తీసికొనిపోవుచున్నది. మూడేండ్లకు పొలము చాలవరకు తేరుకొన్నది. మన వాకిలియంత చోటు మాత్రము ఇంకను పూర్తిగా బాగుపడలేదు. నా గాజులలో ఒకటి విడిపించుకొంటిమి. రెండవది ఆ జిప్సము క్రింద పోయినది.

ఈ సంగతులు మన పూర్వులకు తెలియనివి గావు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369వ సంవత్సరపు శాసన మొకటి కలదు. విజయనగర రాజైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఒక గొప్ప చెరువును కట్టించి వ్రాయించినది. మంచి చెరువునకు పండ్రెండు అంగములును, ఆరు దోషములును అందు చెప్పబడినవి. చవుడు నేలయు, నీరు కొంచెమై తడుపవలసిన పొలము మిక్కిలిగా నుండుటయు ఆ దోషములలోనివే. చిన్ననాట మా తండ్రిగారు సప్తసంతానములను వల్లె వేయించెడివారు: తటాకము, ధననిక్షేపము, అగ్రహారము, దేవాలయము, వనము, కృతి, పుత్రుడు. చెరువును, తోపును కన్నకొడుకుతో సమానముగా నేల లెక్కించిరని అప్పుడు నాకు తోచలేదు. బిడ్డను కన్నంత మాత్రమున సరిపోదు, దినదినము సాకవలెను. చెరువు సంగతియు అంతే. పూర్వము నీరటి యుండి తూము చూచెడివాడు. ఆయకట్టు రైతులు వేసవిలో బండ్లు కట్టుకొని పూడిక తోలుకొనెడివారు. ఆ వాడుక తప్పిపోయిన పిమ్మటనే చెరువులు పూడినవి.

ఇక లోకము సంగతి కొంచెము చెప్పెదను. నేల చెడి పండక పోవుటను ఎడారీకరణమందురు. ఎడారి ఇసుక నడచివచ్చి మీదపడుట దాని అర్థము గాదు. మెట్టప్రాంతములలో చెట్టు పోయి, మన్ను పోయి, చౌడు చేరి, ఉన్నచోటనే నేల తన శక్తిని కోల్పోవుట. దీనిని ఎదుర్కొనుటకు ఐక్యరాజ్యసమితియందు 1994 జూన్ 17న ఒక ఒడంబడిక కుదిరెను. మన దేశము 1996లో దానిని ఆమోదించెను. నేటికిని జూన్ 17ను ఆ దినముగా పాటించుచున్నారు. మన అంతరిక్ష పరిశోధనా సంస్థవారు ఉపగ్రహములనుండి తీసిన పటములనుబట్టి, 2018-19 నాటికి మన దేశములో 9 కోట్ల 78 లక్షల హెక్టారుల నేల చెడియున్నది. అనగా నూటికి దాదాపు 30 వంతులు. పది రొట్టెలు చేసిన ఇంట మూడు మాడిపోయినట్లు. 2019 సెప్టెంబరులో ఢిల్లీ చెంత జరిగిన సభయందు, 2030 నాటికి 2 కోట్ల 60 లక్షల హెక్టారులను బాగుచేయుదుమని మన దేశము మాట యిచ్చినది. 2022 ఏప్రిల్‌లో ప్రతి జిల్లాలో 75 చెరువులను త్రవ్వుటకో బాగుచేయుటకో అమృత సరోవరములను పని మొదలైనది. అంతకుముందు 2005 నాటి ఉపాధి హామీ చట్టము క్రింద దేశమంతట ఎన్నో కుంటలును, కట్టలును పూడికతీతలును జరిగినవి. ఆ పనులకు వచ్చినవారిలో సగమునకు మించి స్త్రీలే.

కోట్ల హెక్టారులని వినునప్పుడు మనకు భయము కలుగును. లేదా, ఎవరో చేయుదురులే యను నిశ్చింత కలుగును. రెండును తగవు. ఆఫ్రికాలో సహారా ఎడారి అంచున ఖండమునకు అడ్డముగా చెట్ల గోడ నాటుదుమని 2007లో పలు దేశములు పూనుకొన్నవి. కాపాడువారు లేని మొక్కలు చాలచోట్ల చచ్చినవి. అచ్చటనే నైజరు దేశపు రైతులు 1980ల నుండి వేరొక పని చేసిరి. తమ చేలలో పూర్వము నరికిన చెట్ల మోళ్లు చిగిర్చినప్పుడు, ఆ చిగుళ్లను కోయక, పశువులు తినకుండ కాచిరి. అట్లు సుమారు 50 లక్షల హెక్టారులలో చెట్లు మరల పెరిగినవి. నాటుట ఒక దినపు పని. కాచుట ఏండ్ల పని. మా రాష్ట్రములో 2015 జూలైలో హరితహారమను పేర మొక్కలు నాటుట మొదలైనది. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టములో, నాటినవానిలో నూటికి 85 మొక్కలను బ్రతికింపవలెనని వ్రాసిరి. ఎన్ని నాటితిరని గాక, ఎన్ని బ్రతికినవని అడుగుట మంచి మాట.

మా చెరువు నాకు నేర్పినదియు ఇదియే. 2016లో తీసిన పూడిక తీసినట్లే యుండునని తలచితిమి. నాలుగేండ్లకే తూము మొదట మరల మెత్తని మన్ను చేరుచుండెను. ఏల చేరదు? ఎగువ వాలు బోసిగానే యున్నది గదా. మావారు బడిపిల్లలకు రెండు తట్టలు పెట్టి చూపిరి. ఒకదానిలో వట్టి మన్ను, ఒకదానిలో గడ్డితో పెళ్లగించిన మన్ను. రెండింటిని వాలుగా నుంచి ఒక్కొక్క చెంబు నీరు పోయించిరి. మొదటి తట్టనుండి ఎర్రని నీరు పారెను. రెండవదానినుండి వచ్చినది దాదాపు తేటగా నుండెను. మా అమ్మాయి ఇంటికి వచ్చి, "అమ్మా, మన గుట్టమీద గడ్డి యేదీ?" అని అడిగెను. ఆ గుట్టమీది కంపను గ్యాసు పొయ్యి రాకముందు కోయించి మండించినవారిలో మేమును ఉంటిమి. ఆమెకు ఏమని చెప్పుదును?

అందుచేత చెలక చుట్టు, వాలునకు అడ్డముగా గట్లు వేయించి, వానిపై తంగేడు గింజలు చల్లితిమి. తంగేడు బతుకమ్మ పూవని మనకు తెలియును. నీరు పోయకున్నను బ్రతుకును. పశువులు దానిని అంతగా ముట్టవు. వేరు లోతునకు పోయి గట్టును పట్టుకొనును. పూర్వులు ఆ పూవును పళ్లెరములో పేర్చి చెరువునకు తీసికొనిపోవుట ఊరక పెట్టిన ఆచారమా, తెలిసి పెట్టినదా యని నేను ఒక్కొక్కసారి ఆలోచింతును. దున్నుటను గూడ వాలు వెంబడి గాక వాలునకు అడ్డముగా మార్చితిమి. దీనికి కాసు ఖర్చు లేదు.

సోదరీమణులారా, మీకు భూమి యున్నచో మొదట మట్టి పరీక్ష చేయింపుడు. నావలె ఒక మందునే అన్నిటికి వాడకుడు. చెరువు మన్ను ఎర్ర చెలకలకును, ఇసుక నేలలకును మేలు. నల్లరేగడికిని, చౌడునకును తగదు. భూమి లేనిచో మీ పెరటి వాననీరు వీధిలోనికి పోకుండ ఒక గుంత త్రవ్వించి, బావి చెంతనో బోరు చెంతనో ఇంకింపుడు. చెరువులో చెత్త వేయకుడు, వేయువారిని చూచి ఊరకుండకుడు. పంచాయతీ సభకు పిలుపు వచ్చినప్పుడు మగవారిని పంపి ఊరకుండక మీరును పొండు. చెరువు ఎండినచో బిందె పట్టుకొని తిరుగువారము మనము. దానిని గూర్చి మాటలాడు హక్కు మనకు లేదా?

ఇప్పుడు మా వాడకట్టులో కొన్ని యిండ్లవారము కలిసి, ప్రతి వేసవియందు, చెరువు తూము చెంత చేరిన మన్నును ఇంటికి ఐదు బండ్ల చొప్పున తోలుకొనుచున్నాము. యంత్రములు రాలేదని ఎదురుచూచుట లేదు. అనుమతి పంచాయతీవారి వద్ద తీసికొనుచున్నాము. మొన్న బండి దింపించుచుండగా మా అమ్మాయి, "ప్రతి యేడును ఇదే పనియా? ఇంకెన్నాళ్లమ్మా?" అని విసుగుకొనెను. నేను జవాబు వెదకుకొనుచుంటిని. వాకిట చీపురు పట్టుకొనియున్న మా అత్తగారు తలయెత్తకయే, "వాకిలి ఎన్నొద్దులు ఊడుస్తమో అన్నొద్దులు, బిడ్డా" అనిరి.

మా మామగారు ఇప్పటికిని ప్రతి ఉదయమును చెలకకు పోయి వచ్చుచున్నారు. ఆ బేరగాడు మరల రాలేదు.